ముందు డబ్బా

పుష్యం. హైదరాబాదు, హ్యాంగర్.

ఇవాళ్టి నుంచి లాగ్ రాయమన్నారు వర్ధన్ గారు. విమానం ఎంత నూనె తాగిందో మీటరు చెబుతుంది, ఎందుకు తాగిందో నువ్వు చెప్పాలమ్మా అన్నారు. రాసింది ప్రతి శుక్రవారం ఆయనే చదువుతారట. అందుకని దస్తూరి జాగ్రత్తగా పెడుతున్నాను.

నా పేరు ఓబులేశ్వరి. ఆఫీసులో ఈశ్వరి అంటారు, అది చాలన్నారు. నేను ఇంధనం మేనేజర్ని. ఆరు సీట్ల చిన్న జెట్ ఇది. యజమాని వర్ధన్ గారు, నడిపేది కెప్టెన్ ఇమ్మానుయేలు గారు, దానికి తిండి పెట్టేది నేను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మార్కాపురం పాలిటెక్నిక్‌లో చదివి, ఈ ఉద్యోగానికి వచ్చినప్పుడు మా ఊళ్ళో మైకు పెట్టి చెప్పారు.

జనం ఎక్కే బ్యాటరీ విమానాలు విజయవాడ దాకా పోయి చార్జింగ్ కోసం కూర్చుంటాయి. వర్ధన్ గారికి ఒంగోలు నుంచి తూత్తుకుడి దాకా సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంట్లున్నాయి. మధ్యాహ్నం ఎండకి ఇళ్ళలోకి పొమ్మనే సైరన్ మోగేలోపు రెండు చూసి ఇంటికి రావాలంటే జెట్ ఉండాలి. జెట్‌కి కానుగ నూనె కావాలి. కిరోసిన్ అమ్మకం ఆగిపోయాక ఎగిరే ఇంజన్లన్నీ కానుగ గింజ మీదే బతుకుతున్నాయి. ఎయిర్‌పోర్టు పంపులో దాని రేటు ఈ వారం మళ్ళీ పెరిగింది.

ఖర్చు మూడో వంతు తగ్గకపోతే ఉగాదికి విమానం అమ్మేస్తానన్నారు వర్ధన్ గారు. కోపంగా అనలేదు. టీ ఇప్పించి అన్నారు. అమ్మితే కెప్టెన్ గారి ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది.

పుష్యం, అమావాస్య దగ్గర్లో.

విమానం నూనె తాగేది ముఖ్యంగా బరువుకి. ఆ సంగతి చదువుకున్నప్పుడు ఒక సూత్రం. ఇప్పుడు ఇంటిపని. లోపలున్న తోలు సోఫా పీకించాను. సీసాల బీరువా, వెండి పళ్ళేలు, ఎవరూ తెరవని పాత పత్రికల కట్టలు దింపించాను. రెక్కల మీద దుమ్ము పేరుకుంటే గాలి పట్టుకుంటుంది కాబట్టి వారానికి రెండుసార్లు కడిగిస్తున్నాను. రన్‌వే దాకా ఇంజన్లు వేసుకుని పోకుండా ట్రాక్టరుతో లాగిస్తున్నాను. తెల్లవారి గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. అప్పుడు లేస్తే ఇంజన్‌కి శ్రమ తక్కువ. అందుకని ప్రయాణాలన్నీ పొద్దున్నే పెట్టాను.

నూనె ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడే తిరుగు ప్రయాణానికి కూడా నింపుకుంటాం. మోసుకెళ్ళే నూనెని మోయడానికి కూడా కొంత నూనె కాలుతుంది. రెండు చోట్ల రేట్ల తేడా అంతకన్నా ఎక్కువుంటేనే మోయాలి. ఆ లెక్క వేసి పెట్టడమే నా ఉద్యోగంలో అసలు భాగం.

మొన్న వర్ధన్ గారి భార్య వసుంధర గారిని పెట్టెల కాటా మీద నిలబడమని అడిగాను. ఆవిడ నన్ను చూసి, కాటాని చూసి, అంకె ఎంతో నువ్వే ఊహించి రాసుకో అన్నారు. కెప్టెన్ గారు అటు తిరిగి నవ్వుకున్నారు. తర్వాత నాతో అన్నారు: "ఈశ్వరమ్మ గారూ, మీ ధాటి చూస్తుంటే రేపు నన్ను కూడా తూచి, ఇడ్లీ మానేయమనేలా ఉన్నారు."

ఇంత చేసినా మూడో వంతు తగ్గలేదు. అందులో సగమే తగ్గింది.

మాఘం. కానుగబండ.

మా ఊరికి వచ్చాను, ఆఫీసు పని మీదే. ఈ ఆలోచన నాదే. ఎవరూ చెప్పలేదు.

నల్లమల అంచున మా ఊరు. ఆడవాళ్ళు గింజ ఏరతారు, మా అమ్మ గురవమ్మ పెద్దగా ఉన్న సంఘం మిల్లులో ఆడిస్తుంది. ఆ నూనెని దళారీ కొని, శుద్ధి చేసే కంపెనీకి అమ్మితే, అది ఎయిర్‌పోర్టుకి చేరేసరికి రేటు నాలుగింతలవుతుంది. ఒక చిన్న శుద్ధి యంత్రాన్ని మా కంపెనీ ఆ మిల్లులోనే పెట్టి, విమానమే ఊరికి వచ్చి నింపుకుంటే? ఊరి పక్కన పాత హైవే ఉంది. లారీలు మానేశాక దాని మీద మిరపకాయలు ఆరబోస్తున్నారు. తిన్నగా, గట్టిగా ఉంది. జెట్ దిగడానికి చాలు. సంఘానికి దళారీ ఇచ్చేదానికి రెట్టింపు వస్తుంది. మాకు పంపు రేటులో సగానికే దొరుకుతుంది. రెండు వైపులా లాభం కాబట్టి నాకు రెండు రాత్రులు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఒప్పందం నేనే తయారు చేశాను. సీజన్ మొత్తానికి ఒకే రేటు. కనీసం ఇన్ని డ్రమ్ములు ఇవ్వాలి. అవి పూర్తయ్యేదాకా మిల్లులో ఉన్న నూనెంతా కంపెనీదే. ఈ చివరి మాట దళారీ మధ్యలో దూరకుండా పెట్టాను. డ్రమ్ముల లెక్కకి ముందు చెట్లన్నీ తిరిగి చూశాను. కొమ్మలు వంగిపోయేలా కాయ ఉంది. తొందరపడి ఎక్కువ రాయలేదు. చెట్లు చూపించినదానికన్నా తగ్గించే రాశాను.

మిల్లు అరుగు మీద అందరూ కూర్చుంటే మొత్తం చదివి వినిపించాను. అమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చివర్న నేనే అడిగాను, అర్థమైందా అని.

"నువ్వు చదివినావు గదా," అంది, వేలికి సిరా రాసుకుంటూ. "మళ్ళా నేనేంటికి అడగాల?"

అక్క నరసమ్మ కడుపుతో ఉంది. వైశాఖంలో కాన్పు. ఊళ్ళో ఎండాకాలపు కాన్పులన్నీ చలువగదిలోనే. విమానంలో వచ్చి చూసిపో పిల్లని, అంది.

చలువగది అంటే ఏమిటో వర్ధన్ గారికి తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. ఊరంతా పట్టే పొడుగాటి మందపు గోడల గది. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా సైరన్ మోగగానే అందరూ అందులోకి పోతారు. లోపల చల్లటి గాలి వేసే యంత్రం కానుగ నూనెతో నడుస్తుంది. మిల్లులో గింజ ఆడించిన ప్రతిసారీ మొదట దిగే డబ్బా ఆ గదికి పోతుంది. ముందు డబ్బా అంటారు. అది అమ్మకానికి కాదు, ఎవరి పేరునా ఉండదు. గింజ ఎక్కువ తెచ్చినవాళ్ళు గదిలో లోపలికి, యంత్రానికి దగ్గరగా కూర్చుంటారు. తక్కువ తెచ్చినవాళ్ళు తలుపు వైపు. నా చిన్నప్పుడు కాశన్న అని ఒకాయన ముందు డబ్బా తీసుకుపోయి గిద్దలూరులో అమ్ముకున్నాడు. ఆయన్ని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఎండాకాలమంతా తలుపుని ఆనుకుని కూర్చోబెట్టారు. ఎవరు లోపలికి వచ్చినా, తలుపు వెయ్యి కాశన్నా, అనేవాళ్ళు. అంతే. మరుసటేడు ఆయనే అందరికన్నా ఎక్కువ గింజ తెచ్చాడు.

మాఘం, పౌర్ణమి తర్వాత.

శుద్ధి యంత్రం పెట్టారు. జెట్ మొదటిసారి కానుగబండ హైవే మీద దిగింది. మిరపకాయలు ఎత్తేసి, రోడ్డు ఊడ్చి, ఆడవాళ్ళంతా గట్టున నిలబడ్డారు. అక్కవాళ్ళ అత్త సాలమ్మ దగ్గరికొచ్చి, ఇంజన్ రేకుని చేత్తో తాకి, కాలి, చెయ్యి నోట్లో పెట్టుకుంది. దీనికింత కోపమేంటికి మే, అని నన్నడిగింది. చిన్నప్పుడు నేను బడి నుంచి వస్తుంటే కొంగున కట్టుకున్న బెల్లం ముక్క పెట్టేది సాలమ్మత్తే.

మిల్లులో ఉన్న పోయినేటి గింజ నూనెతో నింపడం పూర్తయ్యాక, ఇది పట్నం పోయి రావడానికి ఎంత తాగుతుందని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ డ్రమ్ములు లెక్కపెట్టింది.

"దాంతో మన గది రెండు వారాలు నడుస్తాది," అంది.

ఆ వాక్యంలో తప్పు వెతికాను. లెక్క సరిగ్గానే ఉంది.

ఫాల్గుణం. హైదరాబాదు.

ఖర్చు మూడో వంతుకన్నా ఎక్కువే తగ్గింది. వర్ధన్ గారు తన స్నేహితులతో భోజనానికి నన్ను కూడా పిలిచారు. వాళ్ళకీ జెట్లున్నాయి, వాళ్ళకీ ఇదే బాధ. మా ఈశ్వరి, అని పరిచయం చేశారు. అందులో ఒకాయన, ఊళ్ళ పేర్లేమైనా ఉంటే చెప్పమ్మా, మేమూ ఒకటి తీసుకుంటాం, అన్నారు. నేను మూడు పేర్లు చెప్పాను. అన్నంలో నెయ్యి వేయించుకున్నాను.

ఫాల్గుణం, చివర.

అమ్మ ఫోన్ చేసింది. కాయలు పగలగొడితే లోపల పప్పు లేదట. ఉన్నది కూడా ఎండిన చింతపిక్కంత, ముడుచుకుపోయి ఉందట. పోయినేడు పూత మీద కొట్టిన వడగాలి పైకి కనబడకుండా కాయ లోపల దాక్కుంది. నేను చెట్లన్నీ తిరిగాను, కొమ్మలు లెక్కపెట్టాను. ఒక్క కాయ కూడా పగలగొట్టి చూడలేదు.

కనీసం అని రాసినదానిలో సగం కూడా రాదు.

చైత్రం.

కంపెనీ మనుషులు మిల్లుకి వెళ్ళి, ఉన్న డ్రమ్ములన్నిటికీ సీలు వేశారు. విడిగా చలువగది గోడకి ఆనించి ఉన్న ముందు డబ్బాల డ్రమ్ములకి కూడా వేశారు. ఆ గది మిల్లు ఆవరణలోనే ఉంది. మిల్లులో ఉన్న నూనెంతా, అని కదా రాసింది.

వెంటనే వర్ధన్ గారి దగ్గరికి వెళ్ళాను. ముందు డబ్బా ఒప్పందంలోకి రాదని చెప్పాను. ఆయన లాయర్ని పిలిపించారు. ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాడు లాయరు. ఎక్కడా లేదు. అది అమ్మేది కాదని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవాలని ఒప్పందంలో రాస్తామా? రాయాలని నాకు తోచలేదు. విన్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

వర్ధన్ గారు విసుక్కోలేదు. నీ బాధ నాకు అర్థమైందమ్మా అన్నారు. ఒక ఊరికి వదిలేస్తే మిగతా మూడూళ్ళ వాళ్ళూ అడుగుతారని, తన స్నేహితులు నా మాట మీదే ఆ ఊళ్ళు తీసుకున్నారని గుర్తు చేశారు. చలువగదికి తన తరఫున రెండు పెద్ద ఫ్యాన్లు పంపిస్తానన్నారు. పంపించారు కూడా. అవి కరెంటు ఫ్యాన్లు. మా ఊరికి ఎండాకాలం కరెంటు తెల్లవారుజామున మాత్రమే వస్తుంది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"ముందు డబ్బా సంగతి దాంట్లో లేదని నాకు తెలీదు," అంది. "నాకు చదువు రాదు. నీకూ తెలీదా?"

"తెలుసు. రాయక్కర్లేదనుకున్నా."

అమ్మ ఫోన్ పెట్టలేదు, మిల్లు శబ్దం వినిపిస్తూనే ఉంది.

వైశాఖం, మొదట్లో.

సాలమ్మత్త చనిపోయింది. గది నడవడం లేదు కాబట్టి మధ్యాహ్నాలు అందరూ హైవే కింద తూములో కూర్చుంటున్నారట. నిన్న సైరన్ మోగాక, నిండు నెలలతో ఉన్న అక్కకి నీళ్ళు తేవడానికని సాలమ్మత్త బయటికి వెళ్ళింది. మిల్లు దాకా వెళ్ళగలిగింది. చలువగదిలో యంత్రం పక్కన చోటు ఆమెది. కొన్నేళ్ళుగా అందరికన్నా ఎక్కువ గింజ ఏరేది ఆమే.

నిన్న జెట్ తూత్తుకుడి వెళ్ళి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎవరూ లేరు, ఖాళీ. మీటరు చూపించినంత కాలింది. ఎందుకు కాలిందో రాయమన్నారు కదా సార్. వెళ్ళిన విమానం ఇంటికి రావాలి కాబట్టి కాలింది.

వైశాఖం. కానుగబండ.

ఇది ఊళ్ళో కూర్చుని రాస్తున్నాను.

ఇవాళ వర్ధన్ గారు, వసుంధర గారు, కోడలు, ఇద్దరు మనవలు కోయంబత్తూరు బయల్దేరారు. అక్కడి నుంచి నీలగిరి మీద ఇల్లు. ఎండలు తగ్గేదాకా అక్కడే ఉంటారు. దారిలో కానుగబండలో దిగి నూనె నింపుకోవాలి. నింపేటప్పుడు ఉండాలని నేను ఆరో సీట్లో వచ్చాను. కోయంబత్తూరు పంపులో రేటు ఎక్కువ కాబట్టి ఇక్కడే తిరుగు ప్రయాణానికి కూడా నింపాలన్నది ప్లాను. ఆ ప్లాను నేనే వేశాను, పోయిన నెల.

తెల్లవారుజామున రావాల్సింది. పెట్టెలు సర్దడం ఆలస్యమై, ఇక్కడ దిగేసరికి ఎండ ఎక్కేసింది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, రెక్కల్ని మోయదు. కెప్టెన్ గారు రోడ్డు పొడవు, ఎండ, బరువు చూసుకుని, ఈ గాలిలో రెండు వైపులకీ నూనె, ఇన్ని పెట్టెలు, ఇంతమంది కలిస్తే విమానం లేవదు సార్ అన్నారు.

పెట్టెలు దింపేయమన్నారు వర్ధన్ గారు, లారీలో తెప్పించుకుందామని. వసుంధర గారు ఒప్పుకోలేదు. పూజ సామాను, మనవడి మందులు, ఊరగాయలు, చీరలు, ఏ పెట్టెలో ఏముందో ఆవిడకే తెలీదు. ఏదీ దింపడానికి వీల్లేదన్నారు.

అప్పుడు వర్ధన్ గారు నా వైపు తిరిగారు. నువ్వు చెప్పమ్మా అన్నారు.

వెళ్ళడానికి సరిపడా, దాని పైన నియమం ప్రకారం ఉండాల్సిన మిగులు, అంత మాత్రమే నింపుదామన్నాను. తిరుగు ప్రయాణానికి కోయంబత్తూరులోనే కొనుక్కోవచ్చన్నాను.

"అక్కడి రేటు నీకు తెలుసు కదా."

"తెలుసు సార్."

"మరి ఈ డ్రమ్ములు?"

"ఇక్కడే ఉంటాయి."

ఆయన ఆలోచించి, సోమవారం ట్యాంకరు పంపించి తెప్పిస్తానన్నారు. నేను సరేనన్నాను.

సాయంత్రం దాకా ఆగితే చల్లబడుతుంది, మొత్తం నింపుకుని లేవొచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. కెప్టెన్ గారికీ తెలుసు. ఆయన నా ముఖం చూశారు, నేను ఆయన ముఖం చూశాను. ఇద్దరమూ చెప్పలేదు. ఆయన్ని మీరు అడిగితే గుర్తు రాలేదంటారు. అదే నిజమనుకోండి సార్. ఆయనకి ముగ్గురు పిల్లలు.

నూనె పోశాక కూడా ఒక మనిషి బరువు ఎక్కువే ఉంది. నా సంచీ దింపుకుని నేను దిగిపోయాను. వర్ధన్ గారు తలుపు దగ్గర నుంచి, ఎండలో ఎట్లా వెళ్తావమ్మా, గొడుగు తీసుకో, అని నిజంగానే ఆదుర్దా పడ్డారు. గొడుగు ఇచ్చారు. మంచి గొడుగు. విమానం లేచి, మా ఊరి ఎర్రగడ్డ గుట్ట మీదుగా దక్షిణానికి తిరిగింది. తేలిగ్గానే లేచింది.

గట్టున ఎవరూ లేరు. సైరన్‌కి ఇంకా కొంచెం టైముంది. అందరూ తూములో ఉన్నారు. నేను మిల్లుకి వెళ్ళి, మిగిలిన డ్రమ్ముల మీద సీళ్ళు తెంపాను. ఒక్కొక్కటే పక్కకి పడేసి దొర్లించుకుంటూ చలువగది దగ్గరికి తీసుకుపోయాను. శుద్ధి చేసిన నూనె కూడా ఆ యంత్రంలో కాలుతుంది, ఇంకా బాగా కాలుతుంది. యంత్రం మొదలయ్యాక ఆ శబ్దం విని అమ్మ తూములోంచి బయటికి వచ్చింది. నన్ను చూసింది. వెనక్కి తిరిగి మిగతావాళ్ళని కేకేసింది.

వర్ధన్ గారూ, ఇది నీలగిరికి పంపిస్తాను, శుక్రవారం మీరు చదువుతారు. మీరు వెళ్ళేటప్పుడు కానుగబండలో మిగిలిన నూనె చలువగదిలో కాలింది. ఎందుకు కాలిందో నేను చెప్పాలి కదా. మా అక్క నరసమ్మకి పొద్దున్నించి నొప్పులు వస్తున్నాయి. గదిలో ఊరంతా ఉంది. యంత్రం పక్కన సాలమ్మత్త చోటు ఖాళీగా ఉంచి, దాని పక్కన అక్కని పడుకోబెట్టారు. సీళ్ళు తెంపింది నేను. సంతకం నాది. పూర్తి పేరు రాస్తున్నాను: ఓబులేశ్వరి.

ఈ నూనె ఎంతకాలం వస్తుందో నాకు గంటలతో సహా తెలుసు. వైశాఖం దాటదు. ఆ తర్వాత జ్యేష్ఠం ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఇన్నేళ్ళూ నూనె లెక్క ఏదైనా ముందు నన్నే అడిగేవాళ్ళు. ఎవరూ అడగలేదు.

లోపల చోట్లన్నీ నిండాయి. నేను ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. తలుపు పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. తలుపు రేకు వేడికి భుజం కాలుతోంది. సందులోంచి వచ్చే గాలి ఒక వైపు చెంపకి తగులుతోంది, రెండో చెంప చల్లగా ఉంది.

వేడినీళ్ళ కోసం బయటికి వెళ్ళిన అమ్మ బిందెతో తిరిగి వచ్చింది. అక్క అరుపు వినిపించి గబగబా నన్ను దాటుకుని లోపలికి పోతూ, నా వైపు చూడకుండానే అంది:

"తలుపు వెయ్యి మే."

వేశాను.